గోడలో చీమలు

పై వాటా నుంచి కింది వాటాకి దిగడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? నీళ్ళకైతే క్షణం పట్టడం లేదు. పైన ఎవరో బాత్‌రూములో చెంబు బోర్లిస్తే చాలు, ఆ నీళ్ళు ఏ దారిన వస్తాయో గానీ, ఇక్కడ గోడ మీద మరక కాస్త ముదురుతుంది, ఆ వెనకే బకెట్లో చుక్క పడుతుంది. ఇంటి ఓనరు మాత్రం, "మేస్త్రీతో ఒక్క మాట మాట్లాడి వచ్చేస్తానమ్మా, ఇవాళ ఏదో ఒకటి తేల్చేద్దాం" అని పొద్దున మెట్ల మీద నుంచే చెప్పి పోయిన మనిషి, ఎండ వాలిపోతున్నా దిగలేదు. ఆమె లాండ్రీ దుకాణానికి ఫోన్ చేసి సెలవు చెప్పి, మెయిన్ ఆఫ్ చేసిన ఇంట్లో, ఆగిన ఫ్యాను కింద, వీధి తలుపు బార్లా తెరిచి కూర్చుంది. తేల్చేద్దాం అన్న మాట చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. ఏం తేలుస్తాడు? తేలడానికి అందులో ఏముంది గనక? ఇల్లు ఎవరిదో బాగు చేయించాల్సింది వాళ్ళే. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళుగా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది, దాని కాళ్ళు అరిగాయేమో గానీ ఇటూ చేరలేదు, అటూ చేరలేదు. ఎదురుగా హాలు నట్టనడుమ కుర్చీలో అమ్మ. నాలుగు గోడల్లో ఏదీ చేతికి అందనంత దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది పొద్దున తనే. బస్టాండులో ఎవరో మర్చిపోయిన సామానులా కూర్చుంది అమ్మ, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళకి రబ్బరు చెప్పులతో. టీ ఇస్తానంటే వద్దంది. మంచినీళ్ళిస్తానంటే అవీ వద్దంది. అలిగిందేమో అనుకుని ఆమె ఊరుకుంది.

ఆ చేతులు అలా ఊరికే పడి ఉండడం ఆమె ఎన్నడూ చూడలేదు. ప్రెస్సులో బైండింగ్ పని చేసిన చేతులవి, అచ్చు పడ్డ కాగితాన్ని కొసలు కలిపి ఒక్క బొటనవేలి విసురుతో మడత పెట్టేవి. తర్వాత కళ్ళకి నీటికాసులు వచ్చాయి, చూపు అంచుల నుంచి మెల్లగా ముడుచుకుంటూ వచ్చింది, డాక్టరు ఇంక చేసేదేమీ లేదన్నాడు. ఈ ఇంట్లో దిగిన కొత్తలో, ఇంకా కాస్త చూపు మిగిలి ఉండగానే, అమ్మ ఒక పని మొదలుపెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకి అరచెయ్యి ఆనించి, ఇల్లంతా నడిచేది. దారి తప్పితే ఒక్కసారి కళ్ళు తెరిచి చూసుకుని మళ్ళీ మూసేది, పద్యం అప్పజెబుతూ మధ్యలో పుస్తకంలోకి తొంగిచూసే పిల్లలా. ఇదేం ఆటమ్మా అంటే, "దీపం ఆరకముందే అగ్గిపెట్టె ఎక్కడుందో చూసి పెట్టుకోవద్దుటే?" అనేది. చూపు పూర్తిగా పోయిన రోజు ఏదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. అమ్మ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ పడలేదు, ఆ రోజు కూడా మంచం మీంచి లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టే ఉంటుంది. మంచం పక్క గోడ, తలుపు చెక్క, స్విచ్‌బోర్డు కింద సిమెంటు బొడిపె, బాత్‌రూము గడప, మళ్ళీ గోడ, వంటింటి గట్టు. ఆ చెయ్యి రోజూ పాకి పాకి గోడ పొడుగునా ఒక నున్నటి చార పడింది, ఎండ పక్క నుంచి పడితే మెరుస్తుంది. వీధిలో అమ్మ గుడ్డిది, ఆసుపత్రిలో గుడ్డిది, చుట్టాలింట్లో మరీ గుడ్డిది, ఎవరి చెయ్యి ఎప్పుడు అందుతుందా అని నిలబడిపోతుంది. ఈ ఇంట్లో మాత్రం కాదు. ఇంకో ఇల్లు నేర్చుకుందామంటే, మధ్యలో తెరిచి చూసుకోవడానికి ఇప్పుడు కళ్ళు లేవు. అందుకే ఈ ఇల్లు పోకూడదు. మిగతా ఏది పోయినా సర్దుకోవచ్చు.

మరి అంత కావలసిన ఇంటిని దిగేటప్పుడు సరిగ్గా చూసుకుందా? నవ్వొస్తుంది. లాండ్రీ కౌంటరు మీద ఆమె రోజంతా చేసే పనే అది. బట్ట తీసుకోగానే వెలుతురులోకి పట్టి, మెడ తిప్పి, చంకలు చూసి, జేబులు బయటికి లాగి, ఇదుగో ఇక్కడ చిరుగుంది సార్, ఇది మా దగ్గర పడింది కాదు, ఇదుగో మరక, ఇది పోతుందని మేం హామీ ఇవ్వం, అని ఎదుటి మనిషి చేత అవునని అనిపించుకుని గానీ మూట కట్టదు. ఒకసారి ఒకాయన, పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పరీక్ష చెయ్యరమ్మా అన్నాడు. అంత పరీక్ష చేసే మనిషి ఈ ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు కిటికీ చూసింది, కుళాయి తిప్పింది, వీధిలోంచి దుకాణానికి నడిచి వెళ్ళిపోవచ్చని సంబరపడింది. కొత్తగా రంగేసిన గోడని చూసి ఎంత బావుందో అనుకుంది. కొత్తగా రంగెందుకేశారని అడగలేదు. పరాయివాళ్ళ చొక్కాల మీద ఉన్న శ్రద్ధ తను ఉండబోయే గోడల మీద లేకపోయింది, ఇప్పుడనుకుని ఏం లాభం.

నాన్న అయితే అడిగేవాడు కాదు, తనే గీకి చూసేవాడు. ప్రెస్సులో మిషను నడిపే నాన్నకి చేతులు ఖాళీగా ఉండేవి కావు, అద్దె ఇల్లు అన్న జ్ఞానం అంతకన్నా ఉండేది కాదు. ఆమెకి చిన్నప్పటి ఇళ్ళు వీధుల పేర్లతో గుర్తులేవు, నాన్న బాగుచేసిన వస్తువులతో గుర్తు. గడియ బిగించిన ఇల్లు. తూము వేసిన ఇల్లు. నేలంతా ఆయనే గచ్చు చేసి, ఆరేదాకా అందర్నీ మంచాల మీద కూర్చోబెట్టి, ఎవరు కాలు పెడతారో చూస్తానని కాపలా కాసిన ఇల్లు. ఆ గచ్చు అద్దంలా వచ్చింది. వీధి వీధంతా చూసి మెచ్చుకుంది, ఓనరు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నాడు, మెచ్చుకుని ఊరుకోక వాళ్ళ బావమరిదిని తీసుకొచ్చి చూపించాడు. నెల తిరక్కుండా ఆ బావమరిది సామాను దింపుకున్నాడు, వీళ్ళు తట్టాబుట్టా సర్దుకున్నారు. ప్రతి ఇల్లూ అంతే. బాగులేనన్నాళ్ళు వీళ్ళది, బాగుపడగానే వాళ్ళది. "మీ నాన్న ఊళ్ళో సగం ఇళ్ళకి సేవ చేసి పోయాడే, ఏ ఒక్క గోడా వచ్చి భుజం పట్టలేదు" అని, ఆయన పోయిన రోజున కూడా అమ్మ ఏడుస్తూ ఏడుస్తూనే అంది. ఆ రోజే ఆమె గట్టిగా అనుకుంది, ఒకరి గోడకి తన డబ్బుతో మేకు కూడా కొట్టకూడదని. కొట్టలేదు. క్యాలెండరు ఇప్పటికీ కిటికీ చువ్వకే వేలాడుతోంది. చుక్క పడింది. బకెట్టు సగానికి వచ్చినట్టుంది, మోత మారింది.

మెట్ల మీద చప్పుడయినట్టయి తల ఎత్తింది. కాదు, పక్కింటి పిల్లి. కండక్టరుగారి అడుగు పిల్లి అడుగు కాదు, మెట్టుకో దగ్గు ఉంటుంది. ఇంటి ఓనరే కండక్టరుగారు, బస్సుల్లో టిక్కెట్లు కొట్టి కొట్టి రిటైరై, వచ్చిన డబ్బంతా ఈ రెండు వాటాల ఇంట్లో పోసి పైన తను ఉంటూ కింద వీళ్ళకిచ్చాడు. చెడ్డవాడనలేం. చెడ్డవాడైతే సుఖంగా ఉండేది, తిట్టుకోవచ్చు. అమ్మని అక్కయ్యగారూ అంటాడు, దీపం పోతే టార్చిలైటు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడతాడు. గోడ మాట ఎత్తితే మాత్రం మళ్ళీ బస్సెక్కేస్తాడు.

"బస్సు నాదే అనుకో అమ్మాయ్. ఎక్కినవాళ్ళు సీటు చింపితే ఎవరు కుట్టించాలి?"

"సీటు మేం చింపలేదు బాబాయిగారూ. టాపు కారుతోంది."

"కారే బస్సని తెలిసే ఎక్కావా, తెలీక ఎక్కావా?"

"ఎక్కినప్పుడు కారలేదు."

"మరింకేం! మీరెక్కాకే కారిందని నువ్వే ఒప్పుకుంటున్నావు!"

ఆ మాటకి ఆమెకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అదే తన తప్పేమో, నవ్వడం. కౌంటరు మీద తను మాట్లాడే మాటలే మెట్ల మీద నిలబడి ఆయన మాట్లాడుతున్నాడు, ఇది మా దగ్గర పడ్డ చిరుగు కాదు. రెండు వైపులా ఒకే పాట తెలిసినప్పుడు ఎవరు ఆపుతారు? ఇల్లు మీది, మీరు చేయించాలి. వాడేది మీరు, మీరు చేయించుకోవాలి. వీధి చివర మందుల షాపాయన పెద్దరికం నెత్తినేసుకుని తిలాపాపం తలా పిడికెడన్నాడు, గోడకి బయటి వైపు ఓనరుది, లోపలి వైపు అద్దెవాళ్ళది, చెరి సగం పెట్టుకోండి అని తీర్పు చెప్పాడు. ఇద్దరూ తలాడించారు కూడా. అప్పుడు మేస్త్రీ వచ్చి గోడని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, "బయట సరే, లోపల సరే. పైపు మధ్యలో ఉంది సార్. మధ్యది ఎవరిది?" అన్నాడు. కండక్టరుగారు ఆమె వైపు చూశారు. ఆమె మందుల షాపాయన వైపు చూసింది. ఆయన ఎవరో మందులకి వచ్చినట్టున్నారని వెళ్ళిపోయాడు. మేస్త్రీ కాసేపు నిలబడి, టీ తాగి, ఆయనా వెళ్ళిపోయాడు. గోడ మాత్రం ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు. మొదట చెమ్మ, చెమ్మ మీద తెల్లటి ఉప్పు, ఉప్పు మీద పెచ్చులు, పెచ్చులు రాలిన చోట పచ్చగా నాచు. ఆమె పట్టు వదల్లేదు. న్యాయం తన వైపుంది. నాన్న పోగొట్టుకున్న ఇళ్ళన్నీ తన వెనక నిలబడి ఉన్నాయి. ఒక్క పైసా పెట్టకూడదు, బాగుచేసిస్తే పొమ్మంటారు, బాగులేకపోతేనే ఇల్లు మనది. ఆ లెక్క ఎంత బావుందో. అందులో అమ్మ చెయ్యి ఎక్కడా లేదు.

వానలు పట్టాక ఒక రోజు అమ్మ అంది, "గోడకి చీమలు పట్టాయే." ఎక్కడ అంటే, స్విచ్‌బోర్డు కింద నుంచి బాత్‌రూము దాకా అంది. ఆమె చూసింది. ఒక్క చీమ లేదు. నా చేతి కింద చిమచిమలాడాయి, కుట్టాయి కూడా, అంది అమ్మ. పోయుంటాయిలే అంది ఆమె. రెండు రోజులాగి మళ్ళీ అదే మాట, ఇంకో వానకి మళ్ళీ. కళ్ళు లేని మనిషి చెప్పేదానికి కళ్ళున్న మనిషి సాక్ష్యం ఎక్కడ నుంచి తెస్తుంది? సరే, ముసలావిడ తృప్తి కోసమని దుకాణం నుంచి వస్తూ చీమల మందు చాక్‌పీసు కొనుక్కొచ్చింది. గోడ మొదట్లో, ఈ మూల నుంచి ఆ మూల దాకా, కూర్చుని కూర్చుని జరుగుతూ తెల్లగా గీత గీసింది. "గీశానమ్మా, ఇంక రావు." అమ్మ ఆ పక్కనే నిలబడి, ఆ గీత కనబడుతున్నట్టే కిందికి తల వంచి, "ఊఁ, రావులే" అంది. ఆ మర్నాటి నుంచే కాబోలు ఇంట్లో రబ్బరు చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. జన్మలో ఇంట్లో చెప్పులేసుకోని మనిషి. నేల చల్లగా ఉందే, కీళ్ళు లాగేస్తున్నాయి అంది. వయసు కదా అనుకుంది ఆమె. ఆ గీత ఇంకా ఉంది. ఇప్పుడు కూర్చున్న చోటి నుంచి కనబడుతోంది, అక్కడక్కడ తడికి చెరిగి, చిన్నపిల్లలు తొక్కుడుబిళ్ళకి గీసుకున్నట్టు. దాని పక్కన, గోడ మీద, అమ్మ చెయ్యి పాకిన నున్నటి చార. ఎన్ని సార్లు పాకి ఉంటుంది ఆ చెయ్యి, ఈ వానల్లో, ఆ చార మీద, తను లాండ్రీలో ఎవరిదో కాలరు మరక వెలుతురుకి పట్టి చూస్తుంటే?

ఈ పొద్దున కరెంటు పనివాడు వచ్చాడు. బాత్‌రూములో బల్బు కొట్టుకుంటోందని తనే పిలిచింది, బల్బు అద్దెవాళ్ళదే, అందులో వాదం లేదు. స్టూలెక్కుతూ ఆసరాకి గోడ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే వెనక్కి గెంతి, "ఓరి నాయనో!" అన్నాడు. జేబులోంచి టెస్టరు తీసి గోడకి ఆనించాడు. స్విచ్చుకి కాదు, తీగకి కాదు, ఉత్త గోడకి. టెస్టరులో ఎర్రగా వెలిగింది. కాస్త పక్కకి జరిపాడు, వెలిగింది. బాత్‌రూము గడప దాకా జరుపుకుంటూ వెళ్ళాడు, వెలుగుతూనే ఉంది. "గోడంతా కొడుతోందమ్మా. లోపల తీగ తడిసిపోయింది. తడి కాలితో ముట్టుకుంటే మనిషి మిగలడు. ఈ గోడ ఎవరూ ముట్టుకోవడం లేదు కదా?" మెయిన్ తీసేసి, పై వాటా లైను కూడా ఏ గోడలోంచి దిగుతోందో తెలీదు, తేలేదాకా ఏ గోడా తాకొద్దు అని చెప్పి వెళ్ళాడు. అప్పుడు లాక్కొచ్చి వేసింది కుర్చీ హాలు మధ్యలో. చీమలు. ఎన్ని రోజులు? చీమలని చెబుతుంటే, ఏవీ, నాకు కనబడవే అంది తను. చాక్‌పీసుతో గీత గీసింది. దేవుడు అనేవాడుంటే ఆ గీత చూసి నవ్వుకుని ఉంటాడు. పైకి పరిగెత్తి అరిచేసింది కూడా, మీ గోడ మా అమ్మని చంపేసేది బాబాయిగారూ అని. కండక్టరుగారి మొహం పాలిపోయింది. అప్పుడన్నాడు ఆ మాట, ఇవాళ ఏదో ఒకటి తేల్చేద్దాం అని.

తేలుతుంది. ఇప్పుడైనా తేలాలి. మనిషి ప్రాణం మీదికి వచ్చాక ఎవడైనా కాదంటాడా? ఆమె తనలో తనే కౌంటరు దగ్గరిలా మాటలు పేర్చుకుంది. పైపు మీది, తీగ మీది, గోడ మీది, లోపలా బయటా మధ్యా అన్నీ మీవి. పనివాళ్ళు వస్తే రెండు మూడు రోజులు దుమ్ము, అమ్మని వంటింట్లో కూర్చోబెట్టాలి. కొత్త ప్లాస్టరింగు గరుకుగా ఉంటుంది, అమ్మ చేతికి కొత్త. పరవాలేదు, ఓ వారం పాకితే నునుపెక్కుతుంది.

"కండక్టరు ఏమంటాడంటావే?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"ఏమంటాడు? చేయిస్తానంటాడు. అనక ఛస్తాడా?"

"మీ నాన్న ఉంటే ఈపాటికి తనే పగలగొట్టి కూర్చునేవాడు."

"కూర్చునేవాడు. మనల్ని వీధిలో కూర్చోబెట్టేవాడు."

అమ్మ నవ్వింది. తర్వాత ఏదో గుర్తుకొచ్చినట్టు, "మా ప్రెస్సులో వానాకాలం మిషన్లన్నీ ఇలాగే ఉండేవి. మడత మిషను ముట్టుకుంటే జివ్వుమనేది. ఓనరుకి చెబితే చెప్పులేసుకుని పని చెయ్యండి అనేవాడు. చచ్చినా మిషను బాగు చేయించేవాడు కాదు. మేమూ అలాగే చేసేవాళ్ళం" అంది. ఆమె ఊఁ కొట్టింది. చెవి మెట్ల మీదుంది. ఈసారి నిజంగానే దగ్గు వినబడింది, ఒక మెట్టు, ఇంకో దగ్గు, ఇంకో మెట్టు.

కండక్టరుగారు గుమ్మంలో చెప్పులు విడవబోయి, గోడ వైపు చూసి, విడవకుండానే లోపలికి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. మొహం కడుక్కుని తల దువ్వుకుని వచ్చారు, పెద్ద పని మీద వచ్చినట్టు.

"పొద్దుటి నుంచి గుండె దడ తగ్గలేదమ్మాయ్. ఆవిడకేమన్నా అయ్యుంటే నేనేమైపోను? మా అబ్బాయితో మాట్లాడాను, మేస్త్రీతో మాట్లాడాను. న్యాయం నీ వైపే ఉంది. ఇల్లు నాది. ఖర్చంతా నాదే. నువ్వు ఒక్క పైసా పెట్టక్కర్లేదు."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఈ మాట నాన్న వినాల్సింది. గడియ బిగించిన ఇల్లు, తూము వేసిన ఇల్లు, గచ్చు చేసిన ఇల్లు, అన్ని ఇళ్ళ తరఫునా గెలిచేసింది తను. ఇంత మంచి మనిషిని ఇన్నాళ్ళు ఆడిపోసుకుందే.

"పని ఎప్పుడు మొదలుపెడతారు బాబాయిగారూ?"

"మీరు ఖాళీ చేసిన మర్నాడే."

చుక్క పడింది.

"ఖాళీ అంటే... పనైపోయేదాకానేనా?"

ఆయన దగ్గారు. చేతిలో లేని టిక్కెట్ల కట్టని వేళ్ళతో సర్దుకుంటున్నట్టు బొటనవేలు రాసుకున్నారు. "గోడకి గోడే తీసెయ్యాలంటున్నాడమ్మా మేస్త్రీ. పైపులన్నీ కొత్తవి, వైరింగంతా కొత్తది. అంత పెట్టాక అది తిరిగి రావాలి కదా? మా వాడు ఏమంటాడంటే, ఎలాగూ పగలగొడుతున్నాం, మధ్య గోడలన్నీ తీసేసి హాలుగా చేసి, ముందు షట్టరు పెట్టేద్దాం, షాపుకిస్తే నాలుగు డబ్బులొస్తాయి అంటాడు. నేనూ ఆలోచించాను. అప్పు చేసి పెట్టాల్సినవాణ్ణి నేను, వాడి మాట కాదనలేను కదా. మీకు అడ్వాన్సు మొత్తం ఇచ్చేస్తాను, అందులో పట్టుకునేదేమీ లేదు."

మధ్య గోడలన్నీ. మంచం పక్క గోడ, స్విచ్‌బోర్డు కింద బొడిపె, బాత్‌రూము గడప. ఆ నున్నటి చార పొడుగునా సమ్మెట పడ్డం ఆమెకి వినిపించింది. తర్వాత అన్న మాట తనే అందో, తన నోట్లోంచి నాన్నే అన్నాడో ఆమెకి తెలియలేదు.

"ఖర్చు నేను పెట్టుకుంటాను బాబాయిగారూ. మొత్తం. లోపలా, బయటా, మధ్యలోదీ, అంతా నేనే. దుకాణంలో అప్పు తీసుకుంటాను. గోడలు మాత్రం ఉంచండి. ఎలా ఉన్నవి అలాగే ఉంచి బాగుచేయిస్తాను."

"ఛ ఛ, అదేం మాటమ్మా!" కండక్టరుగారు నిజంగా నొచ్చుకున్నారు. "నా ఇంటికి నువ్వు పెట్టడమేంటి? తప్పు కదూ? ఇన్నేళ్ళ బట్టీ నువ్వు మొత్తుకుంటున్నది అదేగా, ఇల్లు మీది, మీరే చేయించుకోవాలని. నా మొద్దుబుర్రకి ఇప్పటికి ఎక్కింది." ఆ మొహంలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ఆశగా వెతికింది. లేదు. ఆయన ఒప్పుకున్నాడు, అంతే. మనిషి ఒప్పేసుకున్నాక ఇంక వాదించడానికి ఏం మిగులుతుంది? నెలాఖరు లోపల చూసుకోండి, తొందరేం లేదు, మళ్ళీ వానలు ముదిరితే మాత్రం ప్రమాదం అని చెప్పి, అమ్మ వైపు తిరిగి గొంతు పెంచారు, కళ్ళు లేనివాళ్ళకి చెవులు కూడా ఉండవన్నట్టు. "అక్కయ్యగారూ! అంతవరకు ఆ గోడ జోలికి వెళ్ళకండేం!"

"గోడే నా జోలికొచ్చింది నాయనా, నేనెక్కడికెళ్ళాను" అంది అమ్మ.

ఆయన నవ్వాలో వద్దో తెలియక దగ్గుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. పైన తలుపు పడింది. ఎక్కడో కుళాయి తిప్పారు. ఆమె గోడ మీది మరకనే చూస్తూ కూర్చుంది, అది ముదిరేదాకా, బకెట్లో చుక్క పడేదాకా. ఇళ్ళు వెతకాలి. కొత్త ఇంట్లో అమ్మ ఒక మూల మంచం మీద కూర్చుని, తను దుకాణం నుంచి ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని ఉంటుంది. మధ్యాహ్నమంతా అలాగే ఉంటుంది. అలా ఎన్నేళ్ళో. బాగుచేసినా పొమ్మంటారు, బాగుచేయమన్నా పొమ్మంటారు. నాన్న దారిన పోయినా ఇక్కడికే, తన దారిన వచ్చినా ఇక్కడికే.

"చీమలంటే నమ్మావు కదే," అంది అమ్మ నెమ్మదిగా. "ఇంకొన్నాళ్ళు నమ్మాల్సింది."

ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ కాళ్ళకున్న రబ్బరు చెప్పుల వైపు చూసింది. చెప్పులేసుకుని పని చెయ్యండి. మేమూ అలాగే చేసేవాళ్ళం.

"నీకు తెలుసా?"

"అంతకాలం ఆ మిషన్ల మీద బతికాను, చీమేదో కరెంటేదో తెలీదుటే నాకు? మొదటిసారి నోరు జారి అనేశాను. ఆ తర్వాత, ఏదో ఉందని నీకూ తెలియాలి గదా అని మళ్ళీ మళ్ళీ అన్నాను, నువ్వూ ముట్టుకుంటావేమోనని భయం. కరెంటంటే మర్నాడే ఇల్లు మారుద్దామంటావు. అందుకని చీమలన్నాను. చెప్పులేసుకుని, వేలి కొసలతో మెల్లగా పట్టుకుంటే పెద్ద బాధేం లేదే. అలవాటైపోయింది."

ఆమెకి ఏడుపు రాలేదు. లేచి వెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టాలనిపించింది, నాలుగు తిట్టాలనిపించింది, ఆ చేతుల్ని వెలుతురులోకి పట్టి వేలు వేలు చూడాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. వీధిలోంచి ఎవరో పోతూ తెరిచిన తలుపులోంచి లోపలికి తొంగిచూసి వెళ్ళారు.

అమ్మ కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచింది. లేస్తూనే కుడిచెయ్యి అలవాటు చొప్పున పక్కకి చాచింది, గోడ ఉండాల్సిన వైపుకి. అక్కడ ఏమీ లేదు. చెయ్యి కాస్త ముందుకు వెళ్ళి, కాస్త పైకి వెళ్ళి, ఆగి, గాల్లోనే ఉండిపోయింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. చుట్టాలింట్లో నిలబడ్డట్టు నిలబడింది.

"ఏదే, నీ చెయ్యి ఇలా ఇయ్యి," అంది అమ్మ. "పొద్దుటి నుంచి ఆపుకున్నాను. బాత్‌రూము ఎటు?"